నలభై మూడో తలుపు

వడ్రంగి మేస్త్రి తన బొటనవేలిని తలుపు అంచు వెంట పైనుంచి కిందికి ఒక్కసారి రాస్తే చాలు, అది ఏ ఏడాది ఇంటికి ఎక్కిందో చెప్పేసేవాడు. ఊళ్లోవాళ్లు అదేదో పెద్ద విద్య అనుకునేవారు. నిజానికి విద్య సగమే. మిగతా సగం తలుపు నెత్తిన రాసి ఉండేది.

తండ్రి నేర్పిన అలవాటది. తలుపు తయారయ్యాక, బిగించే ముందు, పైఅంచు మీద ఎవరి కళ్లూ పడని చోట సన్న ఉలితో సంవత్సరం చివరి రెండంకెలు, పక్కన నెల అంకె చెక్కేవాడు. ఎప్పుడైనా ఎవరైనా తలుపు వంకరపోయిందని దెబ్బలాటకు వస్తే బొటనవేలు పైఅంచుకు ఆనించేవాడు. "పదకొండేళ్లయింది. ఈ పదకొండేళ్లూ నువ్వు దీన్ని చేత్తో తీశావా, కాలితో తీశావా?" అని అడిగేవాడు. వచ్చినవాడు తన కాలి వంక చూసుకుని వెళ్లిపోయేవాడు.

ఇంకో అలవాటు కూడా తండ్రిదే. ఆయన వాడే బందుల్లో కింది సగం ఇనుప మేకులా నిలబడి ఉంటుంది, పై సగం దాని మీద టోపీలా కూర్చుంటుంది. తలుపుకీ ద్వారబంధం పైకమ్మికీ మధ్య రెండు వేళ్ల సందు వదిలేవాడు. ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకుని ఆ రెండు వేళ్ల మేర ఎత్తితే తలుపు బందుల మీంచి ఊడి చేతుల్లోకి వస్తుంది. ఒక్కడివల్ల కాదు, బరువు. దొంగలెత్తుకుపోరా అని ఎవరో అడిగితే మేస్త్రి, "ఈ ఊళ్లో ఇద్దరు మనుషులు తగువు పడకుండా ఒక తలుపు ఎత్తగలిగితే దొంగతనం చేసుకోనీ పాపం" అన్నాడు.

ఊరి కింద బొగ్గు ఉందన్న సంగతి ఊరికి తప్ప అందరికీ ముందే తెలుసు. ఊరికి తెలిసింది బడి గోడకు నోటీసు అంటించాక. అందులో చాలా సంగతులు రాశారు గానీ జనానికి అర్థమైంది ఒకటే వాక్యం. విడిగా తలుపు, విడిగా పొయ్యి ఉన్నవాళ్లు ఒక కుటుంబం. ఒక్కో కుటుంబానికి దూరాన కట్టే కాలనీలో రెండు గదుల ఇల్లు. ముగ్గురు అన్నదమ్ములు పెళ్లాం పిల్లలతో ఒకే తలుపులోంచి వస్తూ పోతూ ఉంటే వాళ్లంతా కలిపి ఒక కుటుంబం, ఒక ఇల్లు.

ఇలా ఎందుకు పెట్టారో రాసినవాడికే తెలియాలి. మనుషులు కదులుతారు, లెక్కపెట్టడం కష్టం. తలుపులు నిలబడి ఉంటాయి. ఆ ఊరిని తవ్వడం మొదలుపెట్టింది యంత్రాలు కావు, ఆ వాక్యం. దాని కింద చిన్న అక్షరాల్లో, నోటీసు తేదీ తర్వాత పెట్టిన తలుపులు చెల్లవు అని కూడా ఉంది. అంత కిందికి ఎవరూ చదవలేదు. గోడ కింద మురుగ్గుంట ఉండేది.

సర్వేవాళ్లు రావడానికి నెల గడువుంది. పొయ్యిదేముంది, మూడు రాళ్లు పెడితే పొయ్యి. తలుపుకి మాత్రం వడ్రంగి కావాలి.

ఆ నెలలో మేస్త్రీ, తమ్ముడూ కలిసి నలభై మూడు తలుపులు చేశారు. ఎవరి కలప వాళ్లే తెచ్చుకున్నారు. పాత బండి పలకలు, ధాన్యం గాదె చెక్కలు, ఒకాయనైతే తాను పడుకునే మంచమే. ఇళ్ల మధ్య మట్టిగోడలు లేచాయి. గోడ పచ్చి ఆరకముందే దానికి ద్వారబంధం, ద్వారబంధానికి తలుపు. అన్నదమ్ములు కలిసే గోడ కట్టుకున్నారు. ఒకడు మట్టి తొక్కితే ఒకడు ముద్దలందించాడు. గోడ పూర్తయ్యాక రెండువైపులా కూర్చుని, "ఏరా, వినపడుతోందా?" అని అడుక్కుని నవ్వుకున్నారు.

ఇరవయ్యో తలుపు దగ్గర తమ్ముడు రంపం ఆపి, "అన్నయ్యా, నెల చెక్కుతున్నావు" అన్నాడు.

"మరి చెక్కవద్దూ?"

"ఈ నెలే చెక్కుతున్నావు."

"ఈ నెల చేసిన తలుపుకి ఏ నెల చెక్కమంటావు?"

తమ్ముడు మళ్లీ రంపం అందుకున్నాడు. చెయ్యి నలభై ఏళ్లుగా చేస్తున్న పని చెయ్యి చేస్తుంది. దానికి నోటీసుల సంగతి తెలియదు. అలా నలభై మూడు దొంగ తలుపుల మీదా అవి దొంగవన్న సాక్ష్యాన్ని మేస్త్రి తన చేత్తోనే, అంకె వంకర పోకుండా, శ్రద్ధగా చెక్కాడు.

ఆ నెలలోనే, అదే నోటీసు పడిన వాగవతలి ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. గొర్రెలు కాసేవాడు, పెళ్లిళ్ల పందిట్లో పేర్లు చదివేపాటి చదువుంది. అన్నదమ్ములూ కొడుకులూ కలిపి ఆరు జంటలు ఒకే తలుపులోంచి తిరిగే ఇల్లు ఆయనది. ఆరు తలుపులడిగాడు. ఈ ఊరి పెద్దలు అప్పటికే మేస్త్రితో గట్టిగా చెప్పి ఉంచారు. వాగు దాటావో మనవాళ్ల తలుపులు మిగిలిపోతాయి, జాగ్రత్త అని. మేస్త్రి "కలప లేదు బాబాయ్" అన్నాడు. ఆయన కాసేపు కూర్చుని, లేచి, వాగు దాటి వెళ్లిపోయాడు. వాగవతల వేరే వడ్రంగి లేడు.

నలభై మూడో తలుపు మేస్త్రి తల్లిది. సర్వే రేపనగా, మిగిలిన ముక్కలన్నీ అతికి చేశాడు. రకానికో చెక్క, రంగుకో పలక. ఇంట్లో అప్పటికే తనకొక తలుపు, తమ్ముడికొక తలుపు అయ్యాయి. వెనకగదికి మూడోది పెడితే అమ్మ ఒక కుటుంబం.

"నాకెందుకురా తలుపు? నేనెక్కడికి పోవాలని?" అంది ఆవిడ.

"కాగితం కోసమే అమ్మా. సర్వే అయ్యాక తీసేస్తాను."

బిగించాక ఆవిడ దాన్ని తీసింది, వేసింది, మళ్లీ తీసింది. లోపలికి వెళ్లి గడియ వేసుకుంది. గంటైనా చప్పుడు లేకపోతే కోడలు కంగారుపడి తలుపు కొట్టింది.

"ఎవరూ?" అని వినిపించింది లోపలినుంచి.

కాపురానికొచ్చిన ఈ యాభై రెండేళ్లలో ఆవిడకు ఎవరినీ ఎవరని అడిగే వీలు దొరకలేదు. సర్వే అయ్యాక తలుపు తీయడానికి మేస్త్రి సుత్తి పట్టుకుని వెళ్తే, "తీస్తే తీశావు గానీ నన్ను దాటి తియ్యి" అని గడప మీద కూర్చుంది. ఆయన సుత్తి వెనక్కి తెచ్చేసుకున్నాడు.

కాలనీ పూర్తయ్యాక రెండూళ్లనీ అందులో పోశారు. ఇళ్లకు పల్చటి రేకు తలుపులు పెట్టారు. గనిలో రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు పేలుడు పెట్టేవారు. అప్పుడు రేకులన్నీ ఒకేసారి చప్పట్లు కొట్టేవి. వారం విని విసిగి, జనం పాత ఊరి నుంచి పీకి తెచ్చుకున్న తలుపులే మళ్లీ బిగించుకున్నారు. ఆ పనీ మేస్త్రిదే. అంటే, అంకెలతో సహా నలభై మూడు తలుపులూ వచ్చి కాలనీలో నిలబడ్డాయి.

కాగితం మీది గోడలు కాలనీలో నిజం గోడలయ్యాయి. చీటీ తీసి ఇళ్లిచ్చారు కాబట్టి అన్నకు ఒకటో వరుస వస్తే తమ్ముడికి తొమ్మిదో వరుస వచ్చింది. గోడకు రెండువైపులా కూర్చుని నవ్వుకున్నవాళ్లు, మధ్యలో ఎనిమిది వరుసలు పడేసరికి వినపడడం మానేశారు. మేస్త్రి ఇంట్లో సంగతి ఇంకాస్త ముదిరింది. సర్వే రోజున పాత ఇంటి పక్కనున్న పనికొట్టం తమ్ముడి తలుపు వైపు పడింది. అందుకని కాలనీలో కొట్టానికి జాగా తమ్ముడి ఇంటికే కలిపి ఇచ్చారు. తమ్ముడు అక్కడ బల్ల వేసుకున్నాడు. మేస్త్రి రోడ్డు పక్కన రేకు కింద చేరాడు.

"కొట్టం నాన్నది కదరా" అన్నాడు ఒకరోజు.

"కాగితంలో నాది. ఆ గోడ ఎక్కడ కట్టాలో గీత గీసింది నువ్వే."

గీత నిజంగానే మేస్త్రి గీసిందే. అందుకే ఎక్కువ మండింది. రెండేళ్లు మాటల్లేవు. తల్లి ఇద్దరి ఇళ్లకూ మధ్య నాలుగో వరుసలో తన రెండు గదుల్లో తాను ఉండేది. తన పొయ్యి మీద తానే వండుకునేది. ఎవరైనా తలుపు కొడితే, కిటికీలోంచి కనబడుతున్నా సరే, "ఎవరూ?" అని అడిగాకే తీసేది.

వాగవతలివాళ్ల పాట్లు వేరు. గొర్రెలాయన ఇంట్లో ఆరు జంటలకూ పిల్లలకూ కలిపి రెండు గదులు. పద్నాలుగుమంది వంతులవారీగా పడుకునేవారు. గనిలో ఉద్యోగాలు రాలేదు గానీ షిఫ్టులు వచ్చాయి. అలాంటి ఇళ్లు వాళ్లవి ముప్పై దాకా ఉన్నాయి. కుళాయి దగ్గర బిందెలు రెండు వరుసలయ్యాయి. టీ దుకాణంలో బల్లలు రెండయ్యాయి. "తలుపులోళ్లు వచ్చారు, జరగండి" అని వాగవతలివాళ్లు, "ఒంటి తలుపోళ్లకి ఒక గ్లాసు చాలు, అందరూ తలా చుక్క తాగుతారు" అని ఈ ఊరివాళ్లు. ఒకసారి బిందె పెట్టే చోటు కోసం తల పగిలింది కూడా. పగిలినవాడు పగలగొట్టినవాడితో పాతికేళ్లు ఒకే వాగులో ఎడ్లు కడిగినవాడు. ఇద్దరినీ అక్కడికి తోలినవాళ్ల బిందె మాత్రం ఆ వరుసలో ఎప్పుడూ లేదు.

గొర్రెలాయన గొర్రెలు పోయాక అర్జీలు రాయడం మొదలుపెట్టాడు. మేపడానికి కాగితాలే మిగిలాయి. అందరూ అర్జీల బాబాయి అనసాగారు. రెండేళ్ల మీద ఆయన రాసిన ఒక అర్జీకి జవాబొచ్చింది. ఎనిమిది రోజుల్లో విచారణాధికారి వస్తాడు, నోటీసు తేదీ తర్వాత పెట్టిన తలుపులేవో తేలుస్తాడు, ఆ ఇళ్లు రద్దవుతాయి.

తలుపులవాళ్లంతా మేస్త్రి రేకు కిందికి ఒకరి తర్వాత ఒకరు వచ్చారు.

"నీ బొటనవేలు ఆ రోజు కాస్త ఒంట్లో బాగోలేదని చెప్పు మేస్త్రీ."

"వేలి సంగతి నాకొదిలెయ్" అన్నాడాయన. ఆయన భయం వేలి గురించి కాదు. తలుపుల నెత్తి గురించి. అమ్మను వదిలేస్తే ఆ అంకెల సంగతి తెలిసినవాళ్లు ప్రపంచంలో ఇద్దరే ఉన్నారు. ఆ ఇద్దరికీ మాటల్లేవు. అంకెలు చెరిపేయాలంటే తలుపు బందుల మీంచి ఎత్తాలి. ఎత్తాలంటే ఇద్దరు కావాలి. ఇంకెవర్ని పిలిచినా ఆ ఇంకొకడికి తెలిసిపోతుంది.

మర్నాడు పొద్దున్నే చిత్రిక చంకలో పెట్టుకుని తమ్ముడి కొట్టం ముందు నిలబడ్డాడు. తమ్ముడు బల్ల కోళ్లు నునుపు చేస్తున్నాడు. తలెత్తి చిత్రిక చూశాడు, అన్న మొహం చూశాడు.

"నెల చెక్కుతున్నావు అని ఆ రోజే చెప్పాను" అన్నాడు. రెండేళ్ల తర్వాత మొదటి మాట అది.

"చెప్పావు."

"ఎన్ని?"

"నలభై మూడు."

తమ్ముడు చేతులు దులుపుకుని లేచాడు.

కొత్తగా చిత్రిక పట్టిన చెక్క తెల్లగా కనబడుతుంది, అంకె కంటే అదే పెద్ద సాక్ష్యం. కానీ కాలనీలో ఆ బెంగ అక్కర్లేదు. గని దుమ్ము రెండు రోజుల్లో దేన్నైనా నల్లగా చేసేస్తుంది, పాలగిన్నెతో సహా. గని వచ్చాక ఆ జనానికి దానివల్ల కలిగిన ఉపకారం ఇదొక్కటే కాబట్టి రాయడం న్యాయం.

తలుపులు ఉబ్బి బిగుసుకుంటున్నాయి, సరిచేస్తాం అని చెప్పి ఇల్లిల్లూ తిరిగారు. "పట్టు." "ఎత్తు." "నీవైపు." "దించు." నాలుగు రోజులు అన్నదమ్ములు ఈ నాలుగు మాటలతోనే గడిపారు. చిత్రిక మేస్త్రే పట్టాడు. తన అంకెలు తానే తీశాడు. చుట్టలు చుట్టుకుని కిందపడే పొట్టులో ఒక్కోసారి అంకె సగం కనబడేది. దాన్ని చెప్పుతో రాసేసి తర్వాతి ఇంటికి నడిచేవాడు. రెండో రోజుకి తమ్ముడు తన నీళ్ల సీసా అన్న వైపు జరిపాడు. అన్న తాగి తిరిగి జరిపాడు.

మూడో రోజున అర్జీల బాబాయి చూశాడు. వీధి మొగలో గొంతుక్కూర్చుని, ఒక తలుపు దిగి, అంచు గీయించుకుని, మళ్లీ ఎక్కేదాకా చూశాడు.

"ఉబ్బాయా మేస్త్రీ?"

"ఉబ్బాయి బాబాయ్. వానలకి."

"వాన పడి ఆర్నెల్లయింది."

తమ్ముడు తలుపు వదిలేయబోయి మళ్లీ పట్టుకున్నాడు. మేస్త్రి చిత్రిక కింద పెట్టి, వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు.

"ఆ రోజు నువ్వు ఆరు తలుపులడిగావు. కలప లేదన్నాను. ఉంది."

"తెలుసు. గోనెపట్టా కింద ఉంది. నేను దానిమీద కూర్చునే అడిగాను."

"మరి అప్పుడే అనొచ్చుగా."

"అడగడానికొచ్చినవాడు కూర్చున్నదాని గురించి మాట్లాడతాడా?"

రెండు గంటల పేలుడు వినిపించింది. కాలనీలో ఎక్కడో మిగిలిపోయిన ఒకే ఒక్క రేకు తలుపు చప్పట్లు కొట్టి ఊరుకుంది.

"మా ఇళ్లు తీసేయించాలనే రాశావా బాబాయ్?" అని మేస్త్రి అడిగాడు.

"మీవి తీసేస్తే నాకేం కలిసొస్తుంది? మొదట మాకూ ఇవ్వండి అనే రాశాను. ఏడుసార్లు. ఏడూ తిరిగొచ్చాయి. ఎవరి మీద ఫిర్యాదో రాయలేదు అని ఎర్రసిరాతో రాసి పంపారు. వాళ్ల కాగితంలో దానికో గడి ఉందట. ఫలానావాడి మీద అని నింపితేనే కాగితం కదులుతుందట. ఎనిమిదోసారి, వాళ్లకెందుకిచ్చారు అని మీ మీద రాశాను. పదిహేను రోజుల్లో జవాబొచ్చింది."

"ఇప్పుడు చూసింది చెప్తావా?"

"ఆలోచించుకోవాలి. మా ఇంట్లో పద్నాలుగుమంది. ఆలోచించుకోవడానికి చోటుండదు" అని ఆయన లేచి మోకాళ్లు దులుపుకున్నాడు.

నాలుగో రోజు సాయంత్రానికి నలభై రెండయ్యాయి. ఆఖరున తల్లి ఇంటికి వెళ్లారు.

"ఎవరూ?"

"మేమే అమ్మా."

ఇద్దరి గొంతులూ కలిపి విని ఆవిడ తలుపు తీసింది. సంగతంతా విని వేసేసింది. మళ్లీ తీసి, "నా తలుపు జోలికి రాకండి. దానిమీద రాసున్నది ఉండనీ" అంది.

"ఇల్లు పోతుందమ్మా."

"మీ నాన్న ఊరందరి తలుపుల మీదా తారీఖులు చెక్కాడు. నేను పుట్టింది ఏ నెలో చెప్పినవాడు లేడు. నా పేరున ఒక తారీఖు ఎక్కడైనా ఉందంటే దానిమీదే. గీకి పారేస్తారా? మీ వాటిని గీక్కోండి."

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడ లోపలినుంచి గడియ వేసుకుంది.

చెప్పిన రోజుకి విచారణాధికారి వచ్చాడు. మనిషి చెడ్డవాడేం కాదు. కళ్లజోడు తుడుచుకుంటూ అర్జీలో ఉన్న నలభై మూడు ఇళ్లకూ ఓపిగ్గా తిరిగాడు. వెనక గుమాస్తా స్టూలు మోసుకొచ్చాడు. తలుపు ఎప్పటిది అంటే మొదటి ఇంట్లో తాతలనాటిది అన్నారు. రెండో ఇంట్లోనూ తాతలనాటిదే. పదోదానికి అధికారి అడగడం మానేసి గుమాస్తాకు సైగ చేస్తే, గుమాస్తాయే 'తాతలనాటిది' అని రాసుకున్నాడు. రెండు బల్లలవాళ్లూ వీధికి చెరోపక్కా గుమిగూడి చూస్తున్నారు. అర్జీల బాబాయి ముందు వరుసలోనే ఉన్నాడు. నోరు విప్పలేదు.

నాలుగో వరుసలో తలుపు కొట్టారు.

"ఎవరూ?"

అధికారి తన హోదా చెప్పాడు. ఆవిడ తీసింది.

"ఈ తలుపు ఎప్పటిదమ్మా?"

"మీ నోటీసు తర్వాతది. నెత్తిన రాసుంది, చూసుకో నాయనా."

గుమాస్తా కలం ఆగిపోయింది. అధికారి స్టూలెక్కి, రెండు వేళ్ల సందులోకి టార్చి వేసి, జేబురుమాలుతో దుమ్ము తుడిచి, అంకెలు పైకి చదివాడు. ఆవిడ తల పంకిస్తూ విన్నది.

"మరోసారి చదువు."

ఆయన మరోసారి చదివాడు. ఎందుకు చదివాడో ఆయనకే తెలియలేదు.

"నిజం చెప్పావమ్మా. కానీ ఇది చెల్లదు కదా" అన్నాడు దిగుతూ.

"నీ నోటీసు రాకపోతే నాకు తలుపెవరు పెడతారు? యాభై రెండేళ్లు వాళ్ల తలుపుల్లోంచే తిరిగాను. అప్పుడు నేను కుటుంబం కాదా అని అడగడానికి నువ్వు రాలేదు."

ఆ మాటకు కాగితంలో గడి లేదు. గుమాస్తా రాసుకోలేదు. అధికారి జనంలోంచి మేస్త్రిని పిలిపించాడు.

"ఈ అంకెలు చెక్కింది నువ్వేనా?"

"నేనేనండి."

"మిగతా తలుపుల మీద కూడా చెక్కావా?"

వీధి మొత్తం మేస్త్రి వంక చూసింది. ఆయన అర్జీల బాబాయి వంక చూశాడు. అర్జీల బాబాయి స్టూలు వంక చూశాడు. అది మూడు కాళ్ల స్టూలు. చాలాసేపు చూడదగినదేమీ కాదు. అయినా ఆయన చూపు తిప్పలేదు.

"లేదండి. ఇదొక్కటే. అమ్మది కదా అని, ప్రేమకొద్దీ చెక్కానండి" అన్నాడు మేస్త్రి.

అధికారి స్టూలు వేయించుకుని ఇంకో ఐదు తలుపుల నెత్తి చూశాడు. నల్లటి దుమ్ము తప్ప ఏమీ లేదు. సాయంత్రానికి నివేదిక పూర్తయింది. నలభై రెండు సక్రమం, ఒకటి అక్రమం. ఆ ఇల్లు ఇవ్వడానికి రెండేళ్లు పట్టింది. మూయడానికి పావుగంట పట్టింది. సామాను తీసుకోమంటే ఆవిడ తీసుకోలేదు. మంచం, పొయ్యి, ట్రంకుపెట్టె లోపలుండగానే తలుపు మీది గొలుసును పైకమ్మి కొక్కేనికి తగిలించి, తాళం వేసి, దానిమీద లక్క పోసి ముద్ర కొట్టి వెళ్లిపోయారు.

ఆవిడ గడప మీద కూర్చుంది.

"మా ఇంటికి రా అమ్మా" అని ఇద్దరు కొడుకులూ ఒకేసారి అన్నారు. రెండేళ్లలో వాళ్లిద్దరూ ఏకీభవించిన విషయం అదొక్కటే.

"అవి మీవి" అంది ఆవిడ.

జనం కదల్లేదు. తలుపులవాళ్లు కదలకపోవడంలో వింత లేదు. వాగవతలివాళ్లూ కదల్లేదు. రెండేళ్లుగా వాళ్లు అడిగిన విచారణ జరిగింది. ఫలితం గడప మీద కూర్చుని ఉంది. బిందె దగ్గర తల పగిలినవాడు గొంతు సవరించుకుని, "మేం అడిగింది ఇది కాదు" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

మేస్త్రి తాళం చూశాడు. లక్క ముద్ర చూశాడు. గొలుసు వదులెంతో వేలితో చూశాడు. తర్వాత తలుపు రెండోవైపు, బందుల వైపు, పోయి నిలబడ్డాడు. తమ్ముడు అప్పటికే గొలుసు వైపున నిలబడి ఉన్నాడు.

"అమ్మా, కాస్త లే. ఒరేయ్, పట్టు."

"పట్టాను."

"ఎత్తు."

తలుపు రెండు వేళ్ల మేర లేచింది. బందుల టోపీలు మేకుల మీంచి ఊడాయి. గొలుసూ తాళమూ ముద్రా ఎక్కడివక్కడే ఉండగా, తలుపు గడియ వైపు నుంచి కాక బందుల వైపు నుంచి మనిషి పట్టేంత తెరుచుకుంది. ముద్ర మీది అక్షరం ఒక్కటి కూడా చెదరలేదు. ఆవిడ పక్కకు తిరిగి లోపలికి వెళ్లింది. కొడుకులు తలుపును మళ్లీ బందుల మీద కూర్చోబెట్టారు. లోపల పొయ్యి వెలిగించిన చప్పుడైంది. జనం ఇళ్లకు పోయారు.

ఆ తర్వాత రోజుకు రెండుసార్లు, పొద్దునా సాయంత్రమూ, ఎవరో ఇద్దరు వచ్చి ఆ తలుపు ఎత్తేవారు. కొడుకులు పనిమీద ఉంటే ఇరుగుపొరుగు. వారం తిరిగేసరికి ఒకవైపు తలుపులవాడు, రెండోవైపు ఒంటి తలుపువాడు పట్టుకున్న రోజులు కూడా వచ్చాయి. వాళ్లు మాట్లాడుకోలేదు. తలుపు మాత్రం లేచింది. కుళాయి దగ్గర బిందెలు అప్పటికీ రెండు వరుసలే.

అర్జీల బాబాయి నాలుగో రోజున మేస్త్రి రేకు కిందికి వచ్చాడు. చేతిలో ఖాళీ కాగితం.

"మా ఆరు జంటల సంగతి మళ్లీ రాయాలి. మీ అమ్మ సంగతీ రాయాలి. ఎవరి మీద రాయను? మీ మీద రాస్తే ఏమవుతుందో చూశాం."

మేస్త్రి కాసేపు ఉలికి సాన పట్టాడు.

"నా మీద రాయి."

"నీ మీదేమని?"

"ఫలానా నెలలో, కొట్టంలో కలప పెట్టుకుని, లేదని అబద్ధమాడి, ఆరు కుటుంబాలకు తలుపులు చెయ్యనన్నాడు. అందువల్ల ఆరు కుటుంబాలు ఒక కుటుంబమైపోయాయి. కన్నతల్లికి ఆలస్యంగా తలుపు చేసి ఆవిడను అక్రమం చేశాడు. వడ్రంగిని విచారించండి. రాయి. ఫలానావాడి గడి నిండుతుంది."

అర్జీల బాబాయి కాగితం మోకాలి మీద పెట్టుకుని కలం తీశాడు. రాసే ముందు ఒకసారి తలెత్తి, "నీ మీద కోపం పోయిందని కాదు మేస్త్రీ, ఇది రాసేది" అన్నాడు.

"పోగొట్టుకోకు. కోపంతో రాస్తే బాగా రాస్తావు."

అలా రెండు బల్లలవాళ్లూ కలిసి వేలిముద్రలు, సంతకాలు పెట్టిన మొదటి అర్జీ మేస్త్రి మీద పోయింది. ముద్దాయి కూడా సంతకం చేశాడు. అలా చేయకూడదని ఎక్కడా రాసిలేదట, బాబాయి చూశాడు.

పదహారో రోజున జవాబొచ్చింది. ఫిర్యాదు తీవ్రమైనది. విచారణాధికారి స్వయంగా వస్తున్నారు. ఫిర్యాదుదారులైన ఆరు కుటుంబాలు హాజరు కావాలి. ఆరు కుటుంబాలు అని అచ్చులో, సంతకంతో, ముద్రతో ఉంది. అర్జీల బాబాయి ఆ మాట దగ్గర వేలు పెట్టి, ఇంట్లో పద్నాలుగుమందికీ వంతులవారీగా చూపించాడు.

మేస్త్రి ఆ కాగితం తీసుకుని తల్లి దగ్గరికి వెళ్లాడు. తమ్ముడు చెయ్యి వేస్తే తలుపు ఎత్తి, పక్కకు తిరిగి లోపలికి దూరి, చదివి వినిపించాడు.

ఆవిడ పొయ్యి మీది గిన్నె దించి విన్నది.

"ఆయనే వస్తున్నాడా?"

"ఆయనే."

"ఈసారి తాళం వైపు నిలబడి కొట్టవద్దని చెప్పు. ఇటువైపు కొట్టమను. ఇంకో మనిషిని కూడా తెచ్చుకోమను. ఒక్కడివల్ల కాదు."